‘ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం’ అనకండి

పెళ్లిచూపుల్లో ఒక పాత మాట ఉండేది: ‘ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం.’ అది చెవిన పడగానే అమ్మాయి తండ్రికి సంగతి అర్థమైపోయేది. ఉత్తరాల కాలం పోయింది గానీ ఆ మాట పోలేదు. ఇల్లు కొందామని చూడ్డానికి వెళ్లినవాళ్ల నోట ‘ఇంట్లో మాట్లాడి ఫోన్ చేస్తాం’ అని వేషం మార్చుకుంది.

మా వీధి చివరి మాస్టారు రిటైరయ్యాక ఇల్లు అమ్మకానికి పెట్టారు. నాలుగు నెలల్లో ఇరవై కుటుంబాల దాకా వచ్చి చూసి వెళ్లాయి. వచ్చిన ప్రతిసారీ వాళ్లావిడ ఇల్లు సర్దడం, టీ పెట్టడం. ‘వద్దని ఫోన్ చేసి చెప్పినవాళ్లు ఇద్దరే నాయనా. నాకు గుర్తున్నది కూడా ఆ ఇద్దరే’ అన్నారావిడ ఒకరోజు. ఇల్లు చూడ్డానికి వెళ్లే మర్యాద ఏమిటో ఆ మాటతోనే ఆలోచించడం మొదలుపెట్టాను.

బయల్దేరక ముందే

ఫోన్లో తేలిపోయేవి ఫోన్లోనే తేల్చుకోండి. ఎన్ని గజాలు, ఏ ఫేసింగ్, రోడ్డు ఎన్ని అడుగులు, ధర ఎంత. దక్షిణం ఫేసింగ్ ఎలాగూ వద్దనుకున్నవాళ్లు అంతదూరం వెళ్లి గేటు ముందు పెదవి విరవడం ఎందుకు?

తర్వాత మీ జేబు లెక్క. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 75 లక్షలు దాటిన గృహరుణం ఇంటి విలువలో 75 శాతానికి మించకూడదు. అంటే కోటి రూపాయల ఇంటికి బ్యాంకు ఇచ్చేది మహా అయితే 75 లక్షలు. మిగిలిన 25 లక్షలు మీవి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ పైన. ఈ లెక్క వేసుకోకుండా ‘మాది సింగిల్ పేమెంటండీ’ అని గొప్పకు పోయి, బేరం కుదిరాక ‘లోన్ రావాలి, మూడు నెలలు ఆగండి’ అంటే అది అబద్ధమే. లోన్ మీద కొంటున్నామని చెప్పుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ఆ మాట మొదటిరోజే చెబితే అమ్మేవాళ్లు తమ ఏర్పాట్లు తాము చూసుకుంటారు.

గడప దాటాక

చెప్పిన టైముకు వెళ్లండి. మొదటిసారి ఇద్దరు ముగ్గురు చాలు. మేనమామనూ, మేస్త్రీనీ, వాస్తు సిద్ధాంతినీ ఇల్లు నచ్చాక తీసుకెళ్లొచ్చు. చెప్పులు బయట విప్పండి. వంటింట్లోకీ, పడగ్గదిలోకీ అడుగు పెట్టేముందు ‘చూడొచ్చాండీ?’ అని ఒక్క మాట అనండి. కుళాయి తిప్పి చూడండి, మోటారు వేయించుకోండి, డాబా ఎక్కి రండి. లక్షలు పెడుతున్నప్పుడు అవన్నీ చూసుకోవాల్సిందే. బీరువా తలుపు మాత్రం వాళ్లనే తెరవనివ్వండి. ఫొటోలు అడిగి తీయండి, ఇంట్లోవాళ్లు వాటిలో పడకుండా చూడండి.

ఇంట్లో అద్దెకున్నవాళ్లుంటే ఇంకాస్త జాగ్రత్త. ‘ఎప్పుడు ఖాళీ చేస్తారు?’ అని వాళ్ల మొహానే అడగకండి. అది యజమాని చెప్పాల్సిన మాట.

లోపం వేరు, వంక వేరు

‘ఈ గోడకు చెమ్మ ఎప్పటినుంచి?’ అన్నది ప్రశ్న. ‘ఈ రంగులేంటండీ, ఎవరేశారు?’ అన్నది వంక. ధర తగ్గించడానికి వంకలు వెతికేవాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. ఒక పెద్దాయన ఇంట్లో ‘ఈశాన్యం కోత పడిందండీ, వాస్తు బాగాలేదు’ అన్నాను. నిజానికి వాస్తు మీద నాకు పట్టింపు లేదు, రెండు లక్షలు తగ్గుతాయేమోనని ఆశ. ఆయన కాసేపు ఆ మూలకేసి చూసి, ‘అందుకేనంటారా మావాడికి పెళ్లి కుదరడం లేదు?’ అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ ఇల్లు నేను కొనలేదు. ఆయనకు ఆ అనుమానం మాత్రం అంటించి వచ్చాను.

ధర ఎక్కువనిపిస్తే ‘మా వల్ల ఇంతే అవుతుందండీ’ అనండి. ఆ మాటకు ఎవరూ నొచ్చుకోరు.

చట్టం ఇద్దరినీ నిజం చెప్పమంది

ఇంట్లోనో, హక్కులోనో మామూలుగా చూస్తే కనిపించని పెద్ద లోపం ఉంటే అమ్మేవాళ్లు చెప్పితీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 55 అంటోంది. అడిగితే హక్కు పత్రాలు చూపించడం కూడా వాళ్ల బాధ్యతే. కాబట్టి లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాను అడగడానికి మొహమాటపడకండి. ‘మా లాయరుకు చూపించుకుంటామండీ’ అని నెమ్మదిగా అడగండి, చాలు.

అదే సెక్షన్ కొనేవాళ్లకూ ఒక బాధ్యత పెట్టింది. అమ్మేవారి హక్కు విలువను బాగా పెంచే సంగతి ఏదైనా ఆ హక్కు గురించి మీకు తెలిసి, వాళ్లకు తెలియకపోతే మీరే చెప్పాలి. పాత దస్తావేజులు తిరగేస్తుంటే ఇంటి వెనక 40 గజాలు కూడా వాళ్లవేనని మీకు తెలిసిందనుకోండి. తండ్రి పోయాక అమెరికా నుంచి వచ్చి హడావిడిగా అమ్ముకుంటున్న పిల్లలకు ఆ సంగతి తెలియదు. నోరు మూసుకోవడం తెలివితేటలు అనిపించుకోదు.

డబ్బు దగ్గర దాపరికం వద్దు

‘కొంత క్యాష్ ఇస్తాం, తక్కువకు రిజిస్ట్రేషన్ చేయించుకుందాం’ అని ఒత్తిడి చేయకండి. స్థిరాస్తి అడ్వాన్సుగా 20,000 రూపాయలు, ఆ పైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడేది తీసుకున్నవాళ్లకే. మీ సౌకర్యం కోసం అమ్మేవాళ్లను ఇరికించినట్టే.

ఇల్లు 50 లక్షలు, అంతకు పైబడితే ధరలో 1 శాతం టీడీఎస్ మీరు పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అగ్రిమెంటు నాడే చెప్పండి. లేకపోతే కోటి రూపాయల ఇంటికి రిజిస్ట్రేషన్ రోజున ‘లక్ష తగ్గిందేమిటి?’ అని గొడవ. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడినవారైతే ఈ 1 శాతం లెక్క పనికిరాదు, ముందే ఆడిటర్‌ను అడగండి.

ఇల్లు చూపించిన బ్రోకరును పక్కనపెట్టి, సాయంత్రం వెనక దారిన వెళ్లి ‘కమీషన్ మిగుల్చుకుందాం’ అనడం కూడా ఈ బాపతే. మీరు అతన్ని మోసం చేయగలిగితే తమనూ చేయగలరని అమ్మేవాళ్లకు అప్పుడే అనుమానం మొదలవుతుంది.

టోకెన్ ఇస్తే మాట ఇచ్చినట్టే

టోకెన్ పుచ్చుకున్నాక అమ్మేవాళ్లు వేరేవాళ్లకు చూపించడం మానేస్తారు. అందుకే రెండిళ్లకు టోకెన్ ఇచ్చి, ఏది చవకైతే అది పట్టుకుందామనుకోకండి. ఎన్ని రోజుల్లో అగ్రిమెంటు, మనసు మారితే టోకెన్ సంగతేమిటి అన్నవి కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి.

వద్దనుకుంటే వద్దనే చెప్పండి

రెండు రోజుల్లో చెప్పండి. ‘అండీ, మీ ఇల్లు బాగుంది గానీ మా అమ్మగారు మెట్లెక్కలేరు. అందుకే వేరేది చూసుకుంటున్నాం’ అని వాట్సాప్‌లో రెండు వాక్యాలు పెడితే సరిపోతుంది. కారణం చెప్పడం ఇష్టం లేకపోతే ‘మాకు కుదరదండీ’ అన్నా చాలు. అవతల ఒక మనిషి ఫోన్ మోగినప్పుడల్లా మీరేనేమో అని చూడటం మానేస్తాడు.

మాస్టారి ఇల్లు చివరికి అమ్ముడైంది. వద్దని ఫోన్ చేసిన ఆ ఇద్దరిలో ఒకాయన తోడల్లుడు కొన్నాడు. ‘మాకు మెట్లు కుదర్లేదు గానీ మనుషులు మంచివాళ్లు, వెళ్లి చూడు’ అని ఆయనే పంపాడట.