పోడు నేలకు విశ్రాంతి ఎందుకు?

తూర్పు కనుమల్లో కొండరెడ్లు, సవరలు, కోయలు చేసే పోడు వ్యవసాయం గురించి మీరు వినే ఉంటారు. వేసవిలో కొండవాలున చెట్లు కొట్టి, ఎండాక కాలుస్తారు. ఆ బూడిదలో పొటాషియం, కాల్షియం లవణాలుంటాయి. తొలకరికి సామలు, చోళ్ళు, కందులు కలిపి వేస్తారు. సారం తగ్గగానే ఆ చోటు వదిలి మరో చోటికి వెళతారు. వదిలిన చోట మోళ్ళు చిగురిస్తాయి, ఆకు రాలుతుంది, నేల కోలుకుంటుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక కుటుంబానికి 12 చోట్లున్నాయి, ఏటికొకటి సాగు చేస్తుంది అనుకోండి. ఒక్కొక్క చోటికి 11 ఏళ్ళ విశ్రాంతి దొరుకుతుంది. 4 చోట్లే మిగిలితే? 3 ఏళ్ళే!

1882 మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు అడవుల హద్దులు పడ్డాక జరిగింది ఇటువంటిదే. పోడుపై ఆంక్షలు 1922 మన్యం తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. జనాభా కూడా పెరగడంతో విశ్రాంతి ఇంకా తగ్గింది. అలసిన నేలను వాన కోసుకుపోయింది. అడవిని కాపాడే హద్దే కొంత అడవికి చేటయింది!

నష్టం తిండితో ఆగదు. విత్తనాల పండుగ, కొత్తల పండుగ ఈ పంటలతో ముడిపడినవే. కొన్నేళ్ళు వేయని విత్తనం మొలకెత్తే శక్తిని కోల్పోతుంది.

2006 అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13 నాటికి గిరిజనుల సాగులో ఉన్న అటవీ భూమిపై 4 హెక్టార్ల వరకు హక్కును గుర్తించింది. ఇది మేలే. అయితే ఒకేచోట ఏటా పండించాలంటే, విశ్రాంతి చేసే పనిని రాతి గట్లు, పశువుల ఎరువు, పప్పుజాతి పైర్లు చేయాలి.

మీ ఊళ్ళో నేలను బీడుగా వదిలే అలవాటు ఉండేదా? పెద్దలనడిగి తెలుసుకోండి.