‘నేను’ అనే మాట ఎక్కడ పుడుతోంది?

ప్రశ్న: మాది కోవిల్‌పట్టి దగ్గర పల్లె. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదువుకున్నది తమిళం. మా అమ్మాయి తెలుగు అక్షరాలు నేర్చుకుని ఈ ఉత్తరం రాసిపెట్టింది. మా ఆయన పోయి రెండేళ్లయింది. నేను అగ్గిపెట్టెల పనికి పోతున్నాను. మొన్న గుడిలో ఒక పెద్దాయన ప్రవచనం చెబుతూ, మనిషి మనసు నీటిబొట్టు, అనంత చైతన్యం సముద్రం, ఆఖరికి బొట్టు వెళ్లి సముద్రంలో కలుస్తుంది అన్నారు. అందరూ తలలూపారు. నాకు మాత్రం గుండె జారిపోయింది. కలిసిపోతే మా ఆయన అనే మనిషి ఇంక లేనట్టేనా? రేపు నేనూ అంతేనా?

జవాబు: అమ్మా, తలలూపిన వాళ్లకంటే మీరే ఆ మాటను శ్రద్ధగా విన్నారు. దాన్ని తీసుకెళ్లి మీ బతుకు పక్కన పెట్టి చూసుకున్నారు. అందుకే భయం వేసింది.

ఇదే భయం మీ పక్క జిల్లాలో పుట్టిన ఒక పిల్లవాడికీ వేసింది. అరుప్పుకోట్టై దాటి వెళితే తిరుచ్చుళి వస్తుంది. అక్కడ భూమినాథస్వామి గుడికి దగ్గర్లో ఉన్న ఇంట్లో 1879 డిసెంబరు 30న వెంకటరామన్ పుట్టాడు. పన్నెండేళ్ల వయసులో తండ్రి పోయాడు. మదురైలో బాబాయి ఇంట, చొక్కప్పనాయకన్ వీధిలో పెరిగాడు. 1896 నడివేసవి దాటాక ఒకనాడు, జబ్బూ జ్వరమూ ఏమీ లేకుండానే, చచ్చిపోతున్నానన్న భయం అతన్ని పట్టుకుంది. అప్పటికి పదహారేళ్లు. ఆ పిల్లవాడు ఎవరినీ కేకేయలేదు. నేలమీద పడుకుని, కాళ్లూ చేతులూ బిగించి, పెదవులు మూసి, ఊపిరి ఆపి, శవంలా ఉండి చూశాడు. ఇప్పుడు ఈ ఒంటిని మోసుకెళ్లి కాల్చేస్తారు, సరే, దాంతో ‘నేను’ కూడా పోతుందా అని తనలో తాను వెతికాడు. ఒళ్లు కట్టెలా పడి ఉన్నా, లోపల ‘నేను’ అన్న ఎరుక చెక్కుచెదరకుండా ఉందని అతనికి తెలిసింది. ఆ రోజు పోయిన చావుభయం మళ్లీ రాలేదు. అతన్నే మనం రమణ మహర్షి అంటున్నాం. ఆ పేరు పెట్టింది మన తెలుగువాడే: బొబ్బిలి ప్రాంతం నుంచి వెళ్లిన కావ్యకంఠ గణపతిముని, 1907లో.

ఇప్పుడు నీటిబొట్టు సంగతి. ఆ పోలికలో ఒక చిక్కుంది. బొట్టుకు అంచు ఉంటుంది కాబట్టి మనసు కూడా చైతన్యంలోంచి తెగిపడిన ముక్క అనుకుంటాం, ముక్క కరిగిపోతుందని బెంగపడతాం. రమణులు చెప్పింది అది కాదు. మనసంటే విడిగా ఒక వస్తువు లేదు, తలపుల మూటే మనసు, ఆ తలపులన్నిటికీ మొదటిది ‘నేను’ అనే తలపు అన్నారాయన. మీ విషయమే చూడండి. మొదటి ఏడు ఏడ్చి ఏడ్చి అలసిన మనసు వేరు, ఇవాళ పనికి పోయి నలుగురితో మాట్లాడుతున్న మనసు వేరు. రెండూ మీకు తెలుసు. ఏడుపు వచ్చింది, కాస్త తగ్గింది. కానీ రెంటినీ తెలుసుకున్న ఆ ఎరుక తగ్గిందా, పెరిగిందా? దానికి అంచు ఎక్కడైనా కనపడిందా? పెద్దలు అనంతం అన్నది దాన్నే. దాన్ని చేరుకోవడానికి మీరు ఎక్కడికీ వెళ్లి కరగనక్కర్లేదు. మీ ఆయనను ఇన్నేళ్లు ప్రేమించింది కూడా ఆ వెలుగులోనే.

ఇంకొక్క మాట. మీ దుఃఖం ఉత్త మాయ అని ఎవరైనా అంటే చెవిన పెట్టకండి. భక్తుల కథలు చదివి వినిపిస్తూ రమణులు గొంతు పూడుకుపోయి ఆగిపోయేవారు. కన్నీళ్లు జ్ఞానానికి అడ్డమని ఆయన అనుకోలేదు.

పని మధ్యలో భయం వచ్చినప్పుడు దాన్ని తోసేయకండి. ఈ భయం ఎవరికి కలుగుతోంది అని ఒక్కసారి అడగండి. నాకే అని లోపలి నుంచి జవాబు వస్తుంది. ఆ ‘నేను’ ఎక్కడినుంచి లేస్తోందో చూడండి. మాటలతో జవాబు చెప్పుకోకండి, ఊరికే చూడండి. పుల్లలు పెట్టెల్లో సర్దుతూ కూడా చేయొచ్చు. ఈ పద్ధతి ‘నాన్ యార్’ అనే చిన్న తమిళ పుస్తకంలో ఉంది. శివప్రకాశం పిళ్లై అడిగిన ప్రశ్నలకు, అప్పట్లో మాట్లాడకుండా ఉన్న రమణులు రాసి చూపించిన జవాబులే ఆ పుస్తకం. తమిళం మీకు వచ్చు, మీరే చదువుకోవచ్చు. అందులో ఒక పోలిక మీ పనికి దగ్గరగా ఉంటుంది: చితిని ఎగదోసే కర్ర చివరికి తానూ ఆ మంటలోనే కాలిపోతుంది. ‘నేనెవరు’ అన్న ప్రశ్న కూడా మిగతా తలపులన్నిటినీ కాల్చి చివరికి తానూ పోతుందన్నమాట.

ప్రశ్న: విరుదునగర్‌లో పప్పుల వ్యాపారం నాది. రోజూ ధ్యానానికి కూర్చుంటాను. ఒక్కోసారి పది నిమిషాలు ఆలోచనే ఉండదు. అనంత చైతన్యం అంటే అదేనా?

జవాబు: కాదనే చెప్పాలి. గాఢనిద్రలోనూ ఆలోచన ఉండదు. లేవగానే నిన్నటి బాకీలు గుర్తొస్తాయి. రమణులు ఒక కథ చెప్పేవారు. గంగ ఒడ్డున ఒక యోగి దాహమై శిష్యుణ్ణి నీళ్లు తెమ్మని, అంతలో సమాధిలోకి వెళ్లిపోయాడు. ఎన్నో ఏళ్లు గడిచాక కళ్లు తెరిచాడు. నోట వచ్చిన మొదటి మాట, నీళ్లు! మనసు అణగడం వేరు, దాని వేరు తెగడం వేరు. ఆ పది నిమిషాల ప్రశాంతత మంచిదే, వదులుకోకండి. కానీ అక్కడ నిద్రపోకుండా, ఈ ప్రశాంతతను తెలుసుకుంటున్నది ఎవరని చూడండి. గుమ్మం దాకా వచ్చి అరుగుమీద కునుకు తీయడం దేనికి?

ప్రశ్న: మా వాడికి పందొమ్మిదేళ్లు. రమణుల జీవితం చదివి, కాలేజీ మానేసి తిరువణ్ణామలై పోతానంటున్నాడు. ఆయన పోలేదా అని నన్నే అడుగుతున్నాడు. తల్లిని, ఏం చెప్పను? - సాత్తూరు

జవాబు: అమ్మా, పోయిన మాట నిజమే. అన్న కాలేజీ ఫీజుకిచ్చిన అయిదు రూపాయల్లో మూడు తీసుకుని, రెండు వదిలి, చీటీ రాసిపెట్టి వెళ్లాడు. 1896 సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరాడు. కానీ మీ వాడు కథను అక్కడే ఆపేస్తున్నాడు. తిరువణ్ణామలై పోతే ఆ ఎరుక దొరుకుతుందని ఆయన వెళ్లలేదు. మదురై ఇంట్లోనే, మేడ గదిలోనే, అది కలిగింది. ఆ తరవాతే కదిలాడు. తర్వాత సంసారం వదిలి వస్తామని అడిగిన వాళ్లను ఆయన ప్రోత్సహించలేదు. ఇల్లు మారినంత మాత్రాన మనసు మారదని, అది వెంటే వస్తుందని చెప్పేవారు.

తల్లి అళగమ్మాళ్ విషయమూ వాడికి చెప్పండి. 1916లో ఆమె కొడుకు దగ్గరికి వచ్చి ఉండిపోయింది. 1922 మే 19న ఆమె చివరి గంటల్లో ఆయన పక్కనే కూర్చుని, ఒక చేయి గుండెమీద, ఒక చేయి తలమీద ఉంచి, ప్రాణం పోయేదాకా కదల్లేదు. అనంతాన్ని చూసినవాడు అమ్మను వదిలేశాడని ఇంకెలా అంటాం?

అయితే ఒక్కటి గమనించండి. అబ్బాయి సరిగా నిద్రపోతున్నాడా, తింటున్నాడా? లోకమంతా అబద్ధంలా కనిపిస్తోందని, తన ఒళ్లు తనది కాదనిపిస్తోందని భయంగా చెబుతున్నాడా? అలా అయితే అది వేదాంతం కాదు, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తమిళంలోనూ తెలుగులోనూ మాట్లాడతారు. అలాంటిదేమీ లేదంటే, ఒక ఆదివారం ఇద్దరూ బస్సెక్కి తిరుచ్చుళి వెళ్లండి. ఆయన పుట్టిన ఇల్లు సుందర మందిరం పేరుతో ఉంది. అక్కడ కాసేపు వాడి పక్కన కూర్చోండి. తిరిగొచ్చేటప్పుడు వాడేం చెబుతాడో వినండి.