సుబాబుల్ కట్టెలో కరెంటు



నందిగామ, జగ్గయ్యపేట రోడ్డు మీద సుబాబుల్ లారీలు మనమంతా చూస్తూనే ఉంటాం. మా తండావాళ్ళు చాలామంది ఆ కట్టె నరికే కూలికి, తొక్క ఒలిచే కూలికి పోతారు. కట్టె అక్కణ్ణించి సారపాక, రాజమండ్రి కాగితం మిల్లులకు పోతుంది. కాగితానికి కావలసింది అందులోని సెల్యులోజ్ నార. ఆ నారల్ని ఒకదానికొకటి అంటించి చెట్టును నిలబెట్టే జిగురు వేరే ఉంది. దాని పేరు లిగ్నిన్. కట్టె బరువులో సుమారు నాలుగో వంతు అదే! మన పత్తికట్టెలో కూడా బాగానే ఉంటుంది.

మిల్లులో కట్టె ముక్కల్ని సోడా మందులతో ఉడికిస్తే లిగ్నిన్ కరిగి నల్లటి ద్రవమవుతుంది. దాన్ని చిక్కబరిచి బాయిలర్లో మండిస్తారు. ఆవిరి, కరెంటు వస్తాయి కాబట్టి వృథా అనలేం. కానీ ఒక్కసారి కాలితే అంతే సంగతులు.

2012లో పోలండ్‌కు చెందిన మిల్చారెక్, స్వీడన్‌కు చెందిన ఇంగానాస్ అనే శాస్త్రవేత్తలు ఆ లిగ్నిన్‌తోనే బ్యాటరీకి ఎలక్ట్రోడు చేసి 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. అదెలాగంటే, లిగ్నిన్‌లో ఫినాల్ సమూహాలు ఉంటాయి. వాటి నుంచి ఎలక్ట్రాన్లు లాగితే క్వినోన్లు అవుతాయి. ఒక్కో క్వినోన్ రెండు ఎలక్ట్రాన్లను, చుట్టూ ఉన్న ఆమ్ల ద్రావణం నుంచి రెండు ప్రోటాన్లను తీసుకుంటుంది, మళ్ళీ ఇచ్చేస్తుంది. ఛార్జి ఎక్కడం, దిగడం అంటే ఇదే. (ఆకులో కిరణజన్య సంయోగక్రియ జరిగేటప్పుడు ఎలక్ట్రాన్లను మోసే వాటిలో కూడా క్వినోన్లు ఉన్నాయి. చెట్టుకిది పాత విద్యే!)

ఒక చిక్కుంది. లిగ్నిన్‌లో కరెంటు పారదు. గాదె నిండా వడ్లున్నా బండి పోయే బాట లేకపోతే ఏం లాభం? ఆ బాట పాలిపైరోల్ అనే పాలిమర్. ప్లాస్టిక్ లాంటిదే గానీ కరెంటును పోనిస్తుంది. ఇలాంటి పాలిమర్లను కనిపెట్టినందుకే 2000లో హీగర్, మాక్‌డయర్మిడ్, షిరకావా గార్లకు నోబెల్ బహుమతి వచ్చింది. పాలిపైరోల్, లిగ్నిన్ ఒకదానిలో ఒకటి అల్లుకునేలా పలచని పొరగా చేశారు. కోబాల్టు లాంటి లోహం కోసం గని తవ్వే పని లేదు. చెట్టు కొట్టేస్తే మోడు మళ్ళీ చిగురిస్తుంది.

అయితే వాళ్ళ బ్యాటరీని వాడకుండా ఉంచితే ఛార్జి మెల్లగా దానంతటదే దిగిపోయింది. రాత్రి చదువుకోవడానికి పగలు ఛార్జి పెట్టుకునే మనలాంటి వాళ్ళకు అది పెద్ద లోపమే.

రైతుకు కట్టె ధర టన్ను లెక్కన కడతారు. అందులో నాలుగో వంతు జిగురుకు బ్యాటరీల గిరాకీ వస్తే ఆ ధర పెరుగుతుందా, తొక్క ఒలిచే మా అమ్మ కూలి పెరుగుతుందా అనేది మాత్రం సోషల్ సారునే అడగాలి.

— 9వ తరగతి విద్యార్థి