వాక్తపస్సు

తపస్సు అనగానే మనకు అరణ్యాలు, ఆశ్రమాలు, నిరాహార దీక్షలు స్ఫురిస్తాయి. సంసారంలో ఉంటూ, ఉద్యోగ వ్యాపారాలు చేసుకుంటూ, వీలైనప్పుడు స్వామి దర్శనానికి వచ్చే మనవంటి వారికి తపస్సు సాధ్యమా అన్న సందేహం సహజం. శ్రీమద్భగవద్గీత పదిహేడవ అధ్యాయమైన శ్రద్ధాత్రయ విభాగయోగంలో శ్రీకృష్ణ పరమాత్మ ఈ సందేహాన్ని తీర్చాడు. 14వ శ్లోకంలో శరీరంతో చేసే తపస్సును, 15వ శ్లోకంలో వాక్కుతో చేసే తపస్సును, 16వ శ్లోకంలో మనస్సుతో చేసే తపస్సును నిరూపించాడు. ఈ మూడింటిలో దేనికీ ఇల్లు విడిచి వెళ్లనక్కరలేదు. వీటిలో వాక్తపస్సును గురించి నాకు బోధపడినంత విన్నవించుకుంటాను.

ఎదుటివారి మనస్సుకు క్షోభ కలిగించనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది అయిన మాట, దానితోపాటు స్వాధ్యాయాభ్యాసం వాక్తపస్సు అని భగవానుని ఉపదేశం. స్వాధ్యాయమంటే వేదాధ్యయనం. మనం చేసే పారాయణలను కూడా పెద్దలు ఈ కోవలోనే చేరుస్తారు. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. పూజామందిరంలో చేసే పారాయణను, వంటింట్లోనూ వీధిలోనూ ఆడే మాటను స్వామి వేరువేరుగా చెప్పలేదు. రెండింటినీ ఒకే శ్లోకంలో, ఒకే తపస్సుగా చెప్పాడు. పారాయణ చేసే నాలుక, ఇంటివారితో మాట్లాడే నాలుక ఒకటే కదా!

ఈ శ్లోకం నాకు చిన్ననాటినుండి కంఠస్థమే. దాని అర్థం మాత్రం ఒక తప్పు చేసిన తరువాతనే తెలిసింది. మా తండ్రిగారి ఆబ్దికం నాడు బంధువులందరూ భోజనాలకు కూర్చున్న సమయంలో, ఏదో మాట వచ్చి, "నాన్నగారి వైద్యానికి నువ్వు ఒక్క రూపాయి అయినా ఇచ్చావా?" అని మా తమ్ముణ్ణి పదిమందిలో అడిగాను. వాడు బదులు చెప్పలేదు. విస్తరి ముట్టకుండా లేచి, భార్యాబిడ్డలతో వెళ్లిపోయాడు. ఆ తరువాత నాలుగేళ్లు మా గడప తొక్కలేదు. ఆ రోజుల్లో వ్యాపారం దెబ్బతిని వాడే అప్పుల్లో ఉన్నాడని నాకు ఆలస్యంగా తెలిసింది. అయినా, "నేనన్నది నిజమే కదా" అని నాకు నేను సమాధానం చెప్పుకుంటూ వచ్చాను.

శంకర భగవత్పాదులు ఈ శ్లోకానికి వ్రాసిన భాష్యం నా సమాధానాన్ని నిలువనీయలేదు. సత్యం, ప్రియం, హితం, ఉద్వేగం కలిగించకపోవడం అనే నాలుగు లక్షణాలూ కలిసి ఉన్నప్పుడే ఆ మాట తపస్సు అవుతుందని, వాటిలో ఏ ఒక్కటి లోపించినా కాదని ఆచార్యులవారు స్పష్టం చేశారు. ప్రియంగా ఉండి సత్యం కానిది ముఖస్తుతి. సత్యమై ఉండి హితం కానిది శస్త్రం. నేను ప్రయోగించింది ఆ శస్త్రాన్నే. గౌరవం కోసం, డాంబికంతో చేసే తపస్సు రాజసమనీ, పరులకు హాని కలిగించడానికి చేసేది తామసమనీ గీతాచార్యుడే ఆ తరువాతి శ్లోకాలలో హెచ్చరించాడు. ఆనాడు నేను సత్యం పలికింది తమ్ముని మేలు కోరి కాదు. నలుగురిలో నేనే మంచి కుమారుణ్ణని అనిపించుకోవడానికి.

ఇంకొక భ్రమ కూడా తొలగవలసి వచ్చింది. ఆ నాలుగేళ్లూ వాడిని పల్లెత్తు మాట అనకుండా మౌనం వహించాను కదా అనుకునేవాణ్ణి. కాని గీతలో మౌనం వాక్తపస్సులో లేదు, మానసిక తపస్సులో ఉంది. మనస్సు అణగినప్పుడు కలిగే వాఙ్నిగ్రహమే మౌనమని భాష్యకారుల వివరణ. లోపల కోపం మరుగుతూ ఉండగా పలకరింపు మానుకోవడం మౌనం కాదు, పంతం.

మరి ఎలా మాట్లాడాలి? దీనికి సుందరకాండలో ఆంజనేయస్వామి మనకు గురువు. ముప్ఫయ్యవ సర్గలో శింశుపావృక్షం మీద కూర్చుని ఆయన ఎంతో తర్కించుకుంటాడు. పండితుని వలె సంస్కృతంలో మాట్లాడితే, సీతమ్మ తనను మారువేషంలోని రావణుడని తలచి భయపడవచ్చు. అసలే మాట్లాడకపోతే ఆ తల్లి ప్రాణాలు విడువవచ్చు. ఏమి చెప్పాలన్నది ఆయనకు తెలుసు. ఎలా చెబితే ఆమెకు ఉద్వేగం కలగదన్నదే ఆయన విచారం. చివరకు ఆమెకు వినిపించేటట్లు రామకథను మధురంగా మొదలుపెట్టాడు. ఆ పలుకులలో సత్యం, ప్రియం, హితం మూడూ ఉన్నాయి.

ఒక ఏడాది పారాయణలో ఆ సర్గ దగ్గర నా కంఠం ఆగిపోయింది. సముద్రం దాటిన మహాబలుడు ఒక్క మాట ఆడడానికి అంత ఆలోచించాడే, నేను క్షణమైనా ఆలోచించానా అనిపించింది. పారాయణ ముగించి తమ్ముడికి ఫోన్ చేశాను. "ఆనాడు పదిమందిలో నేనన్న మాట తప్పురా. నాన్నగారి ఆబ్దికానికి నువ్వు లేకపోతే వెలితిగా ఉంటోంది" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "చూస్తాను అన్నయ్యా" అన్నాడు. ఆ ఏడు వచ్చాడు. వెనుకటి చనువు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. ఒక్క క్షణంలో జారిన మాటను సరిదిద్దుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఈ సాధనకు ఖర్చు లేదు, ముహూర్తం అక్కరలేదు. ఉదయం పూజానంతరం, "ఈ రోజు నా వాక్కు నీకు అర్పితం" అని స్వామికి చెప్పుకోవాలి. కటువైన మాట నోటి దాకా వచ్చినప్పుడు, ఇది నిజమా, మేలు చేస్తుందా, నొప్పించకుండా చెప్పగలనా అని ఒక్క క్షణం ప్రశ్నించుకోవాలి. రాత్రి పడుకునే ముందు ఆనాటి మాటలను తలచుకొని, ఎవరినైనా నొప్పించి ఉంటే మర్నాడే క్షమాపణ కోరాలి.

ఈ సాధనను ఈ క్షేత్రంలోనే ప్రారంభించవచ్చు. దర్శనం వరుసలో ముందుకు తోసుకొచ్చిన వారితో, అన్నదాన సత్రంలో వడ్డన ఆలస్యమైనప్పుడు సేవకులతో, గది దొరకనప్పుడు సిబ్బందితో మనం ఎలా మాట్లాడతామన్నదే మనకు పరీక్ష. స్వామికి కానుకలు సమర్పించే దాతలు ఒక మృదువైన మాటను కూడా వాటితో చేర్చి సమర్పింతురుగాక. గర్భాలయంలో గోవిందనామం పలికిన నాలుకతోనే వెలుపలికి వస్తాము. ఇల్లు చేరేవరకైనా ఆ పవిత్రతను కాపాడుకుంటే, ఇంటిలో దానిని నిలుపుకొనే శక్తిని స్వామియే అనుగ్రహిస్తాడు.