బ్యాటరీ లేని స్టిక్కర్ జవాబు చెప్పే తీరు

చిన్నీ,

కారు అద్దం మీది ఫాస్టాగ్ గురించి నువ్వడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. అందులో బ్యాటరీ లేదు, తీగ లేదు, మరి టోల్ గేటు పైనున్న యంత్రానికి జవాబెలా చెప్పింది? ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను.

కొన్ని పెద్ద బట్టల షాపుల్లో ధర చీటీకి ఇలాంటి ట్యాగే అంటిస్తారు. ఈసారి ఒకటి దొరికితే వెలుతురుకు పట్టి చూడు. వెండి రంగు గీతలు మెలికలు తిరిగి కనిపిస్తాయి. అది యాంటెన్నా. నడుమ మిల్లీమీటరు కన్నా చిన్న నల్లచుక్క చిప్. మన దేశంలో ఈ ట్యాగ్‌లు 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. ఆ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. యాంటెన్నా అందులో సగమైనా ఉంటే మంచిది, కానీ చీటీలో అంత జాగా లేదు. అందుకే ఆ మెలికలు.

టోల్ గేటు మీది ఆ యంత్రాన్ని రీడర్ అంటారు. అది వదిలిన తరంగం యాంటెన్నాను తాకగానే సన్నగా కరెంటు పుడుతుంది. వాటులో లక్షో వంతుకు అటూ ఇటూ ఉన్నా చాలు, చిప్ మేలుకుంటుంది. అయితే సొంతంగా తరంగం పుట్టించి పంపేంత శక్తి దానికి లేదు. ఎండలో అద్దం పట్టుకుని ఎదురింటి గోడ మీద వెలుగు ఆడించే పిల్లవాణ్ని తలుచుకో. వెలుగు సూర్యుడిది, అద్దం తిప్పడం మాత్రమే వాడి పని. చిప్ కూడా యాంటెన్నాను తనతో క్షణానికోలా కలుపుతూ, వెనక్కి పోయే తరంగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ హెచ్చుతగ్గుల్నే రీడర్ సున్నాలుగా, ఒకట్లుగా చదువుకుంటుంది.

ఈ కిటుకు పాతదే. 1945లో సోవియట్ పిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారికి చెక్కతో చేసిన అమెరికా రాజముద్రను బహూకరించారు. లోపల సోవియట్ శాస్త్రవేత్త లియోన్ థెరెమిన్ తయారుచేసిన, మాటలు దొంగచాటుగా వినే పరికరం ఉంది. బయటినుంచి రేడియో తరంగం వదిలితే, గదిలో మాటలకు అదిరే పొర ఆ తరంగాన్ని మార్చి తిప్పి పంపేది. బ్యాటరీ లేదు, తీగలు లేవు. 1952 దాకా ఎవరికీ దొరకలేదు!

ఇంతకీ ఫాస్టాగ్ చెప్పేది ఏమిటి? ఒక నెంబరు. డబ్బు అందులో ఉండదు, ఆ నెంబరుకు జోడించిన ఖాతాలో ఉంటుంది. 2022లో ఒక వీడియో తిరిగింది, గుర్తుందా? అద్దం తుడిచే పిల్లవాడు చేతి గడియారంతో ఫాస్టాగ్ డబ్బు కాజేశాడని. అది బూటకమని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ప్రకటించింది. నమోదైన టోల్ ప్లాజా లాంటి చోటు నుంచి అడిగితేనే డబ్బు కోతపడుతుంది, దారిన పోయేవాడి చేతికి నెంబరు చిక్కినంత మాత్రాన కాదు. నన్ను కలవరపెట్టేది వేరు. ఏ బండి ఏ గేటును ఎన్ని గంటలకు దాటిందో ఎక్కడో నమోదవుతుంది. ఆ పట్టిక ఎవరి చేతిలో ఉంటుంది, ఎన్నాళ్లుంటుంది? పెద్దయ్యాక నీ తరంవాళ్లు గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఇది.

అన్ని ట్యాగ్‌లూ ఒకే తీరు కాదు. ఫాస్టాగ్ తరంగాల్ని నీరు మింగేస్తుంది. ఒంట్లో ఉండేది ఎక్కువగా నీరే కదా! అందుకే పెంపుడు కుక్క చర్మం కింద పెట్టే గాజు గొట్టంలాంటి ట్యాగ్‌కు 134.2 కిలోహెర్ట్జ్ వాడతారు. దాని నెంబరులో 15 అంకెలుంటాయి. మెట్రో కార్డుది 13.56 మెగాహెర్ట్జ్. అందులో ఉండేది తీగచుట్ట. రీడర్ అయస్కాంత క్షేత్రం ఆ చుట్టలో మారుతుంటే కరెంటు పుడుతుంది, నీ భౌతికశాస్త్రం పుస్తకంలోని ఫారడే సూత్రమే. ఆ క్షేత్రం దూరం పోయేకొద్దీ చప్పున పడిపోతుంది కాబట్టి కార్డును దగ్గరగా ఆనించాలి.

మీ నాన్న ఫోన్‌లో ఇలాంటి కార్డుల్ని చదివే ఎన్‌ఎఫ్‌సీ ఆన్ చేసి, వెనకవైపు మెట్రో కార్డు మెల్లగా జరుపుతూ చూడు. ఒకచోట ఫోన్ పలుకుతుంది, యాంటెన్నా అక్కడుందన్నమాట. ఇప్పుడు రెండింటి నడుమ వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్ పెట్టు, పలకదు. ఆ తర్వాత ఫాయిల్‌ను తీసి కార్డుకు అవతలివైపు అంటించు. ఇప్పుడు అడ్డేమీ లేదు, అయినా చాలావరకు పలకదు. ఎందుకో లెంజ్ నియమం చదివి నాకు రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య