అచ్చు బొమ్మ – చేతి ముద్ర

ఉద్దేశం: ఒకే అచ్చులో లక్షలాదిగా తయారైన బొమ్మ మనిషి చేతిలో పడి తనదైన రూపాన్ని ఎలా సంతరించుకుంటుందో తెలపడం, హస్తకళకు ఓర్పు, పరిశీలన, మితం ఎంత అవసరమో గ్రహింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

బొమ్మ అనగానే పసిపిల్లల ఆటవస్తువు మనసులో మెదలుతుంది. కాని కొన్ని బొమ్మలు తయారై అంగడికి రావు. విడిభాగాలుగా పెట్టెలో వస్తాయి. వాటిని కత్తిరించి, కూర్చి, రంగు వేసి, రూపం తీర్చే పని కొన్నవారిదే. ఇటువంటి వాటిలో జపాను దేశపు ‘గన్‌ప్లా’ లోకప్రసిద్ధమైనది. ‘గండమ్’, ‘ప్లాస్టిక్ మోడల్’ అనే రెండు పేర్లను కుదించి జపనీయులు చేసుకున్న మాట ఇది. గండమ్ ఒక కల్పిత యంత్రం. మనిషి లోపల కూర్చొని నడిపే మహాకాయపు రోబో.

1979 ఏప్రిల్‌లో జపాను టెలివిజన్‌లో ‘మొబైల్ సూట్ గండమ్’ అనే యానిమేషన్ ధారావాహిక ప్రారంభమైంది. దాని దర్శకుడు యోషియుకి తోమినో. అందులోని యంత్రాలకు రూపకల్పన చేసినవాడు కునియో ఓకవారా. అంతకు ముందు వచ్చిన అటువంటి కథలలో చాలావరకు రోబో ఓటమి ఎరుగని వీరుడు. గండమ్ కథలో మాత్రం అది ఒక యుద్ధాయుధం. దెబ్బతింటుంది, మరమ్మతుకు వస్తుంది, మళ్ళీ రణరంగానికి వెళుతుంది. దానిని నడిపే అమురో రే పదిహేనేళ్ల బాలుడు. కోరుకోకుండానే యుద్ధంలో చిక్కుకున్నవాడు.

తొలి ప్రసారంలో ఈ ధారావాహికకు తగిన ఆదరణ లభించలేదు. 52 భాగాలుగా సంకల్పించిన కథను 43 భాగాలతో 1980 జనవరిలో ముగించవలసి వచ్చింది. పునఃప్రసారాలతో దాని విలువ ప్రేక్షకులకు తెలిసివచ్చింది. 1980 జులైలో బండాయ్ సంస్థ తొలి గండమ్ నమూనాను 300 యెన్ల ధరకు విడుదల చేసింది. దాని పరిమాణం 1:144. అనగా కథలో 18 మీటర్ల ఎత్తున్న యంత్రం బొమ్మలో 12.5 సెంటీమీటర్లు మాత్రమే ఉంటుంది.

ఈ నమూనాల పుట్టినిల్లు జపానులోని షిజువోకా నగరం. 1946లో కలప వ్యాపారంతో మొదలై, కొయ్య నమూనాల తయారీకి మళ్ళి, 1960లో తన తొలి ప్లాస్టిక్ నమూనాను వెలువరించిన టామియా సంస్థ కూడా ఈ నగరానిదే. బండాయ్ సంస్థ 2006లో ఇక్కడ ‘హాబీ సెంటర్’ పేరుతో కర్మాగారాన్ని నెలకొల్పింది. ప్లాస్టిక్ గుళికలను వేడితో కరిగించి, లోహపు అచ్చులోకి బలమైన ఒత్తిడితో పంపుతారు. చల్లారిన తరువాత విడిభాగాలు ఒక చట్రానికి అంటుకొని బయటికి వస్తాయి. ఈ చట్రాన్ని ‘రన్నర్’ అంటారు. ఒక అచ్చు నుండి వచ్చిన భాగాలన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. వాటి మధ్య తేడా పెట్టె తెరిచిన తరువాతనే మొదలవుతుంది.

నమూనా తయారీలో మూడు దశలు ఉన్నాయి. వాటిలో మొదటిది నిర్మాణం. రన్నర్ నుండి భాగాన్ని ఒక్క వేటున కత్తిరించరాదు. ముందు కొంత ఎడంగా కత్తిరించి, తరువాత మిగిలిన మొనను సన్నగా తొలగించాలి. తొందరపడితే ప్లాస్టిక్ ఒత్తిడికి లోనై అక్కడ తెల్లని మచ్చ ఏర్పడుతుంది. మిగిలిన గరుకును గరుకు కాగితంతో నునుపు చేస్తారు. 400 సంఖ్య కాగితంతో మొదలుపెట్టి 600, 800, 1000 సంఖ్యలవరకు క్రమంగా వెళతారు. సంఖ్య పెరిగినకొద్దీ కాగితం మెత్తనవుతుంది. తొలినాటి నమూనాలకు జిగురు తప్పనిసరి. తరువాతి కాలంలో భాగాలు ఒకదానిలో ఒకటి బిగిసేవిధంగా రూపొందాయి. అయినా రెండు సగాలు కలిసిన చోట గీత కనబడకూడదనుకొనేవారు ఇప్పటికీ ప్రత్యేకమైన జిగురు వాడతారు. అది అంచులను కరిగించి ఒకటిగా చేస్తుంది. ఆరిన తరువాత నునుపు చేస్తే అతుకు మాయమవుతుంది.

రెండవ దశ రంగులు వేయడం. ముందుగా బూడిదవన్నె పూత ఒకటి వేస్తారు. అది రంగు పట్టుకొని నిలవడానికి తోడ్పడుతుంది. అప్పటివరకు కంటికి ఆనని గీతలను కూడా బయటపెడుతుంది. ఆ పైన గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్‌బ్రష్‌తో రంగును పలుచని పొరలుగా చల్లుతారు. ఒకేసారి దట్టంగా వేస్తే రంగు కారుతుంది. సన్నని చెక్కడపు వివరాలు పూడిపోతాయి. రంగుల ఆవిరి ఆరోగ్యానికి హానికరం కనుక గాలి ఆడే చోట, తగిన ముసుగు ధరించి ఈ పని చేయాలి.

మూడవ దశను ‘వెదరింగ్’ అంటారు. ఎండ, వాన, దుమ్ము, రాపిడి ఒక వస్తువుపై కాలక్రమంలో కలిగించే మార్పులను రంగులతో చూపడమే వెదరింగ్. లాకర్ రంగు వేసిన బొమ్మపై పలుచని ఎనామెల్ రంగును తాకిస్తే అది సన్నని గాడుల వెంట తనంతట తానే పాకుతుంది. ఎనామెల్‌ను పలుచన చేసే ద్రవం అడుగున ఆరిన లాకర్ పొరను కరిగించదు. అందువల్ల పొరపాటు జరిగితే తుడిచివేయవచ్చు. అయితే ఆ ద్రవం ఎక్కువై, బిగువుగా ఉన్న కీళ్లలోకి ఇంకితే ప్లాస్టిక్ పగిలిపోయే ప్రమాదం ఉంది. ఇక పొడి కుంచెను అంచులపై తేలికగా రాస్తే అక్కడ రాపిడి గుర్తు కనబడుతుంది. చిన్న స్పాంజి ముక్కతో అద్దితే రంగు పెచ్చులూడినట్లు తోస్తుంది. పాదాలకు పొడి రంగు పట్టిస్తే దుమ్ము పట్టినట్లుంటుంది. చివర మెరుపు లేని పారదర్శకమైన పూత వేస్తే బొమ్మ ప్లాస్టిక్ నిగనిగ కోల్పోయి లోహంవలె గంభీరంగా కనిపిస్తుంది.

వారాల తరబడి శ్రమించి మచ్చలేకుండా తీర్చిన బొమ్మపై కావాలని మచ్చ వేయడానికి చేయి వణకడం సహజం. ఆ జంకు దాటినవారికి ఎదురయ్యే చిక్కు దానికి పూర్తిగా విరుద్ధమైనది. ఒక మచ్చ బాగుందనిపించగానే పది మచ్చలు వేయాలనిపిస్తుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క మేలు చేస్తుంది. 1:144 పరిమాణపు బొమ్మపై ఒక మిల్లీమీటరు వెడల్పున్న గీత నిజమైన యంత్రంపై 14.4 సెంటీమీటర్ల గాయంతో సమానం. చేతికి చిన్నదిగా తోచిన గీత కథలో పెద్ద దెబ్బ. కనుక నేర్పరి మెత్తని కుంచె మొనతో, చాలా తక్కువగా పని చేస్తాడు.

ఎక్కడ వేయాలి అనేది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. ప్రతి మచ్చకు ఒక కారణం ఉండాలి. వాన నీరు పైనుండి కిందికి జారుతుంది. తుప్పు చార అడ్డంగా సాగదు. మసి పొగ వెలువడే చోట చేరుతుంది. నడిచే యంత్రానికి మట్టి పాదాలకు అంటుతుంది, భుజాలకు కాదు. నడిపేవాడు ఎక్కి దిగే తలుపు అంచున రంగు ముందుగా అరుగుతుంది. ఈ సంగతులు పెట్టెతో వచ్చే సూచనల కాగితం చెప్పదు. బస్టాండులో నిలిచిన పాత బస్సు, పొలం నుండి వచ్చిన ట్రాక్టరు, వానకు తడిసిన ఇనుప గేటు చెబుతాయి. చూడడం నేర్చినవారికి అవన్నీ గురువులే.

ఇంతకూ ఆ మచ్చలు అలంకారాలు కావు. గండమ్ కథ యుద్ధాన్ని వేడుకగా చూపదు. పదిహేనేళ్ల వయసులో ఆయుధం నడపవలసివచ్చిన బాలుడు ఆ యంత్రంలో ఉన్నాడు. భుజాన ఊడిన పెచ్చు ఒక దెబ్బకు, పాదాన పట్టిన మట్టి ఒక ప్రయాణానికి సాక్ష్యం. ఆ సంగతి మరచి అందం కోసమే మచ్చలు అద్దితే బొమ్మ మురికిగా కనిపిస్తుంది. గుర్తుంచుకొని వేస్తే బతికి వచ్చినట్లు కనిపిస్తుంది.

అచ్చు అన్ని బొమ్మలకూ ఒకే రూపం ఇస్తుంది. ఒక బొమ్మ ఎక్కడెక్కడికి వెళ్ళివచ్చిందో, ఏమేమి ఓర్చుకుందో నిర్ణయించేది మాత్రం దానిని తీర్చిన చేయి. ఆ చేయి కుంచెను ముంచడానికి ముందు కారణం వెతుక్కుంటుంది. చాలనిపించిన చోట కుంచెను కింద పెడుతుంది.

ప్రశ్నలు

1. గండమ్ కథలోని రోబోకు, అంతకు ముందు కథలలోని రోబోలకు గల భేదాన్ని తెలపండి.
2. లాకర్ పూతపై ఎనామెల్ రంగు వాడడంలోని సౌలభ్యం, ప్రమాదం వివరించండి.
3. ‘ప్రతి మచ్చకు ఒక కారణం ఉండాలి’ – పాఠం ఆధారంగా సమర్థించండి.
4. మీరు రోజూ చూసే ఒక పాత వాహనాన్ని పరిశీలించి, దానిపై కాలం మిగిల్చిన గుర్తులను కారణాలతో వర్ణించండి.