ఓడలకు షంటింగ్ ఇంజన్లు

పిల్లలూ, బిలాస్‌పూర్ యార్డులో షంటింగ్ ఇంజను చూడనివాళ్లు మన మోప్కాలో ఉండరు. అది దూరప్రయాణాలు చెయ్యదు. వ్యాగన్లను అటు నెట్టి, ఇటు లాగి, వరసలో పెట్టి పక్కకు తప్పుకుంటుంది. ఓడరేవులో ఈ పని చేసే చిన్న పడవే టగ్గు.

నడిసముద్రంలో జోరుగా సాగే పెద్ద ఓడ రేవులోకి వచ్చేసరికి నిస్సహాయమవుతుంది. చుక్కాని పక్కగా నీరు వేగంగా పారితేనే ఓడ మలుపు తిరుగుతుంది. వేగం తగ్గితే చుక్కాని మాట వినదు. బ్రేకులు వేద్దామంటే ఓడకు ఉండవు. అందుకే ముందూ వెనకా టగ్గులకు మోకులు కట్టి ఓడను అదుపులో ఉంచుతారు.

1803లో స్కాట్లండులో విలియం సైమింగ్టన్ తయారుచేసిన ‘షార్లట్ డండాస్’ అనే ఆవిరి పడవ, చెరి 70 టన్నుల రెండు సరుకు పడవలను ఎదురుగాలిలో సుమారు 30 కిలోమీటర్లు లాగింది. గట్లు కోసుకుపోతాయన్న భయంతో కాలువ యజమానులు దాన్ని మూలన పెట్టేశారు. ఆలోచన మాత్రం ఆగలేదు. గాలి కోసం రేవు బయట రోజుల తరబడి కాచుకునే తెరచాప ఓడల కష్టం టగ్గుల వల్లే తీరింది.

బదిలీల మీద మేము తిరిగిన ఊళ్లలో రేవున్నది విశాఖపట్నం ఒక్కటే. ఆ రేవును కట్టింది ఎవరో తెలుసా? బిలాస్‌పూర్ మీదుగా పట్టాలు వేసిన బెంగాల్ నాగపూర్ రైల్వేనే! 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయింది. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ప్రయాణికుల ఓడ రేవులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. మధ్యపరగణాల మాంగనీసు ఆ దారినే ఓడలకెక్కింది. తొలి రోజుల్లో రేవు నిర్వహణ కూడా రైల్వేదే. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలికి పోయే దారి ఇరుకు. అక్కడ టగ్గు లేనిదే పెద్ద ఓడకు పని జరగదు.

ఆవిరి టగ్గులో పని తేలిక కాదు. నీరు మరిగి ఆవిరి పుట్టడానికి గంటలు పడుతుంది కాబట్టి, ఓడ లేని వేళల్లోనూ పొయ్యి ఆరనిచ్చేవారు కాదు. రేడియోలు లేని కాలంలో ఓడ మీది పైలట్ ఈల వేస్తే టగ్గు ఈలతోనే బదులిచ్చేది. ఇక ప్రమాదమంతా మోకులోనే ఉంది. మోకు టగ్గు వెనకవైపు ఉన్నంతసేపూ ఫరవాలేదు. ఓడ ఒక్కసారి వేగం పెంచి మోకును పక్కకు లాగిందా, టగ్గు అడ్డంగా ఈడ్చుకుపోయి నిమిషాల్లో బోల్తా పడుతుంది. అడుగున బొగ్గు వేసేవాళ్లకు పైకి వచ్చే వ్యవధి ఉండదు. అందుకే మోకు తగిలించే కొక్కెం ఒక్క దెబ్బకు ఊడేలా చేశారు. దాన్ని కనిపెట్టి ఉండే కళాసీ చేతిలోనే అందరి ప్రాణాలూ ఉండేవి. తర్వాత డీజిల్ టగ్గులు వచ్చి బొగ్గు బాధ తప్పింది. మోకుతో ప్రమాదం మాత్రం నేటికీ ఉంది.

‘కళాసీ’ మీకు కొత్త మాటేమీ కాదు. ఇక్కడి లోకో షెడ్డులో వినే ‘ఖలాసీ’యే అది. పడవ నడిపించే పెద్దను ‘సరంగు’ అంటారు. పారసీ నుంచి వచ్చిన మాట.

అభ్యాసం: సెలవులకు కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లు కోస్టల్ బ్యాటరీ దగ్గర నిలబడి రేవు ముఖద్వారం చూడండి. టగ్గు చుట్టూ పాత టైర్లు ఎందుకు వేలాడదీస్తారో అయిదు వాక్యాల్లో రాయండి.